మన రాత వెతికేవారికి కనిపించేదెలా?

తెలుగులో సొంతంగా బ్లాగు రాసుకునేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. వంటల గురించి రాసేవాళ్లు, ఊరి చరిత్ర రాసేవాళ్లు, పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు, పద్యాలకు తాత్పర్యాలు రాసేవాళ్లు. ఎవరూ పైసా ఇవ్వకపోయినా, రాత్రి ఇంటిపనంతా అయ్యాక కూర్చుని, ఇష్టంకొద్దీ రాసేవాళ్లు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ల కోసం. ఇంట్లో అలా రాసేవాళ్లుంటే వాళ్లనీ ఒకసారి రేడియో దగ్గరకు పిలవండి.

ఇవాళ మనం మాట్లాడుకునేది ఒక్కటే విషయం. ఎవరో ఫోను తీసి గూగుల్‌ని ఏదో అడుగుతారు. జవాబుగా వరసగా కొన్ని పేజీలు వస్తాయి. ఆ వరసలో మీ పేజీ కూడా ఉందనుకోండి. అక్కడ అది ఎలా కనిపిస్తోంది?

ఎప్పుడైనా నిదానంగా గమనించారా? పైన ఒక చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది. దాని పక్కన సైటు పేరు. ఆ కింద చిరునామా. తర్వాత కాస్త పెద్ద అక్షరాల్లో శీర్షిక. శీర్షిక కింద చిన్న అక్షరాల్లో రెండు మూడు వరసల వివరం. అంతే. మీ వ్యాసం వాళ్లింకా చూడలేదు. మీ శైలి ఎలాంటిదో తెలియదు. మీరెంత కష్టపడి రాశారో తెలియదు. వాళ్లకు కనిపించింది ఆ కొద్ది వరసలే. లోపలికి రావాలో వద్దో వాటిని చూసే తేల్చుకుంటారు.

నేను చెప్పదలచింది ఇదే. ఆ కొద్ది వరసలూ మీ రాతలో భాగం. వ్యాసం రాసినంత శ్రద్ధగా వాటినీ మీరే రాయాలి. మీరు రాయకపోతే యంత్రం తనకు తోచింది పెట్టేస్తుంది.

ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. రిటైరయ్యాక బ్లాగు మొదలుపెట్టారు. ఒక వేసవిలో మాగాయ పెట్టడం గురించి రాశారు. చాలా బాగా రాశారు. పుల్లటి కాయ ఎంచుకోవడం, చెక్కు తీసి ముక్కలు కోయడం, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరనివ్వడం, ముక్కల్ని పిండి ఎండబెట్టడం, ఆ ఊటను పారబోయకుండా దాన్నీ ఎండలో ఉంచడం, చివరికి కారం, మెంతిపిండి, ఇంగువ పోపు. ఏదీ వదిలిపెట్టలేదు. అయితే శీర్షిక మాత్రం ‘అమ్మ చేతి రుచి’ అని పెట్టారు. మొదటి పేరా ఇలా మొదలవుతుంది: ‘అందరికీ నమస్కారం. ఇటువైపు వచ్చి చాలా రోజులైంది. మనవరాలి పెళ్లి పనుల్లో పడి రాయడం కుదరలేదు.’

అదే రోజుల్లో డాలస్‌లో ఒక అమ్మాయి మామిడికాయలు కొని తెచ్చుకుంది. మాగాయ ముక్కలు ఎన్ని రోజులు ఎండాలో తెలియక ఫోన్‌లో వెతికింది. టీచరమ్మ పేజీ ఆ వరసలో ఎక్కడో కింద వచ్చిందనే అనుకుందాం. ఆ అమ్మాయికి కనిపించేది ఏమిటి? పైన ‘అమ్మ చేతి రుచి’. కింద మనవరాలి పెళ్లి పనుల సంగతి. ఆ అమ్మాయి వేలు దాని మీద ఆగదు. కావలసిన జవాబు ఆ పేజీలోనే ఉంది. ఎండ ఎంత తగలాలో, ముక్క వంగితే ఎలా వంగాలో కూడా అక్కడ రాసి ఉంది. కానీ దారి చూపించాల్సిన ఆ వరసలు వేరే సంగతి చెబుతున్నాయి.

దీన్ని సరిచేయడానికి అయిదు నిమిషాలు చాలు. ఎలాగో చెబుతాను. అంతకన్నా ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది. అసలు మీ బ్లాగు సెర్చ్ ఇంజిన్లకు కనిపించేలా ఉందా? వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ తెరవండి. సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును పట్టించుకోవద్దు అనే అర్థంతో ఒక గడి ఉంటుంది. సైటు కట్టేటప్పుడు, పని సగంలో ఉండగా ఎవరూ చూడకూడదని దానికి టిక్కు పెడతారు. పని పూర్తయ్యాక తీసెయ్యడం మరిచిపోతారు. అక్కడ టిక్కు ఉన్నంతకాలం గూగుల్ మీ పేజీల్ని చూపించదు. బ్లాగర్ వాడేవాళ్లకూ సెట్టింగ్స్‌లో, ప్రైవసీ అన్న చోట, ఇలాంటి మీటే ఒకటుంటుంది. మీ బ్లాగు సెర్చ్ ఇంజిన్లకు కనిపించాలా అని అది అడుగుతుంది. అది ఆన్‌లో ఉండాలి. మళ్లీ చెబుతాను. వర్డ్‌ప్రెస్‌లో ఆ టిక్కు ఉండకూడదు. బ్లాగర్‌లో ఆ మీట ఆన్‌లో ఉండాలి.

మీ బ్లాగు గూగుల్‌లో కనిపిస్తోందో లేదో తేల్చుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. గూగుల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ‘సైట్’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా మీ బ్లాగు చిరునామా రాయండి. గూగుల్ దగ్గరున్న మీ పేజీలు వరసగా వస్తాయి. మీ శీర్షికలు, వివరాలు బయటివాళ్లకు ఎలా కనిపిస్తున్నాయో అక్కడే చూడొచ్చు. ఒక్క పేజీ కూడా రాకపోతే మాత్రం ఆ టిక్కు సంగతి వెంటనే చూడండి.

రెండోది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. దీని దగ్గర కాసేపు ఆగుతాను. మీరు పెట్టిన తెలుగు నిజంగా తెలుగేనా?

అదేమిటి అనుకోకండి. మన పత్రికలు, ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో, శ్రీలిపి ఫాంట్లలో పనిచేశాయి. వాటిలో టైపు చేసిన వ్యాసం కంటికి చక్కటి తెలుగే. లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. వాటి మీద తెలుగు రూపం తొడిగారు, అంతే. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది గజిబిజి. ఆ గజిబిజి కనిపించకుండా ఉండాలని చాలామంది తమ కవితల్నీ వ్యాసాల్నీ బొమ్మలుగా మార్చి బ్లాగులో పెడుతున్నారు. ఎంతో మంచి సాహిత్యం ఇలా బొమ్మల్లో ఉండిపోయింది. దాన్ని వెతికి పట్టుకోవడం చాలా కష్టం. చూపులేని పాఠకుల కోసం ఫోనులో పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది కదా, అది కూడా ఆ బొమ్మ దగ్గర మూగబోతుంది.

యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇవాళ మీ ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొట్టే ప్రతి అక్షరమూ యూనికోడే. వాట్సాప్‌లో పంపేదీ అదే. పాత అను ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు దొరుకుతున్నాయి. మార్చాక ఒకసారి తప్పులు దిద్దుకోవాలి. ముఖ్యంగా ఒత్తులు, వట్రసుడులు చూసుకోవాలి. శ్రమే. అయినా చెయ్యండి. మీ నాన్నగారు ఎప్పుడో రాసి పెట్టిన ఊరి చరిత్ర డీటీపీ ఫైల్లో ఉంటే, దాన్ని యూనికోడ్‌లోకి తెచ్చి పెట్టడం కన్నా ఆ చరిత్రకు చేసే మేలు మరొకటి లేదు. అక్షరం అక్షరంగా ఉంటేనే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఏ సెట్టింగైనా ఆ తర్వాతే.

ఇక శీర్షిక దగ్గరకు వద్దాం.

రైలు ఆగినప్పుడు కిటికీలోంచి చూసేవాళ్లకు ప్లాట్‌ఫారం మీది పసుపు బోర్డు ఊరి పేరు చెప్పాలి. ‘అందమైన ఊరు’ అని రాసి ఉంటే దిగాల్సినవాళ్లు దిగలేరు. వెతుకులాటలో శీర్షిక చేసే పని అదే. ‘అమ్మ చేతి రుచి’ తప్పని నేను అనను. బ్లాగులోకి రోజూ వచ్చే పాఠకులకు అది మనసుకు తగిలే శీర్షిక. కానీ కొత్తగా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆ మాటతో వెతకరు. వాళ్లు మాగాయ అని వెతుకుతారు. మాగాయ ఎలా పెట్టాలి అని అడుగుతారు. కాబట్టి ‘మాగాయ పెట్టే విధానం, అమ్మ చేతి రుచి’ అంటే సరిపోతుంది. రెండూ దక్కాయి. ముఖ్యమైన మాట ముందుండాలి. ఎందుకంటే శీర్షిక పొడుగైతే గూగుల్ చివర కత్తిరించి మూడు చుక్కలు పెడుతుంది. అది చూసేది అక్షరాల సంఖ్య కాదు, తెర మీద పట్టే వెడల్పు. మన అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాలకన్నా వెడల్పు. అందుకే తెలుగు శీర్షికలు తొందరగా తెగుతాయి.

వర్డ్‌ప్రెస్‌లో యోస్ట్, ర్యాంక్ మ్యాత్ లాంటి ప్లగిన్లు పెట్టుకుంటే, పేజీలో ఒక శీర్షిక, వెతుకులాటలో కనిపించడానికి వేరే శీర్షిక ఇచ్చే వీలుంది. అప్పుడు పేజీ మీద ‘అమ్మ చేతి రుచి’ని అలాగే ఉంచుకోవచ్చు. వెతికేవాళ్లకు ‘మాగాయ పెట్టే విధానం’ కనిపిస్తుంది. అయితే గూగుల్ మీ శీర్షికను యథాతథంగా చూపించి తీరాలని లేదు. పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న మాటల్ని తీసుకుని తానే మార్చి చూపించడమూ ఉంది. 2021లో ఈ పద్ధతిని మార్చామని గూగులే చెప్పింది. శీర్షికలో ఉన్నదీ లోపల ఉన్నదీ ఒకటే అయితే మార్చాల్సిన అవసరం దానికి తక్కువగా వస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. కొన్ని పాత బ్లాగర్ నమూనాల్లో ప్రతి పేజీకీ ముందు బ్లాగు పేరు వచ్చి, తర్వాత టపా పేరు వస్తుంది. బ్లాగు పేరు పొడుగైతే టపా పేరు తెగిపోతుంది. వెతికేవాళ్లకు అన్ని పేజీలూ ఒకేలా కనిపిస్తాయి. టపా పేరు ముందు, బ్లాగు పేరు వెనక ఉండేలా మార్చుకోండి.

శీర్షిక కింద ఆ రెండు వరసల వివరం సంగతి ఇప్పుడు. ఇంగ్లిష్‌లో మెటా డిస్క్రిప్షన్ అంటారు. బ్లాగర్‌లో సెర్చ్ డిస్క్రిప్షన్ అని ఉంటుంది. టీచరమ్మకు ఆ పెట్టె అసలు కనిపించనే లేదు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. బ్లాగర్‌లో ఆ పెట్టె మామూలుగా దాగి ఉంటుంది. ముందు బ్లాగు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మెటా ట్యాగ్స్ అన్న చోట సెర్చ్ డిస్క్రిప్షన్ మీటను ఆన్ చేయాలి. ఆ తర్వాతే టపా రాసే పేజీలో కుడివైపు ఆ పెట్టె వస్తుంది. మరోసారి చెబుతాను. ముందు సెట్టింగ్స్‌లో మీట, ఆ తర్వాత టపా పక్కన పెట్టె. వర్డ్‌ప్రెస్‌లో ఈ పెట్టె దానంతట అది ఉండదు. ఇందాక చెప్పిన ప్లగిన్లలో ఏదో ఒకటి పెట్టుకుంటే వస్తుంది.

ఆ పెట్టెలో ఏం రాయాలి? మీ పక్కింటావిడ ‘ఇందులో ఏముందండీ?’ అని అడిగితే ఏం చెబుతారో అదే రాయండి. ‘మాగాయ ముక్కలు ఎన్ని రోజులు ఎండాలి, ఊట ఏం చేయాలి, ఏడాదిపాటు బూజు పట్టకుండా ఎలా ఉంచాలి, మా ఇంటి పద్ధతి వివరంగా.’ చూశారా, ఒక్క వాక్యమే. డాలస్‌లో ఉన్న అమ్మాయి అడిగిన ప్రశ్న అందులో ఉంది. ఆ పేజీలో ఆమెకు ఏం దొరుకుతుందో తెలిసిపోతోంది. లోపల లేనిది మాత్రం రాయకండి. బూజు సంగతి వ్యాసంలో లేకపోతే ఇక్కడా ఉండకూడదు. ఆశపెట్టి పిలిచి లోపల ఏమీ చూపించకపోతే వచ్చినవాళ్లు వెంటనే వెనక్కి వెళ్లిపోతారు. మళ్లీ మీ పేరు కనిపించినా రారు.

భాష కూడా గ్రాంథికంగా వద్దు. ఎందుకంటే ఇవాళ చాలామంది టైపు చేయడమే లేదు. ఫోనుతో మాట్లాడి అడుగుతున్నారు. గూగుల్‌లో మాటతో తెలుగు టైపు చేసే వీలు 2017లో వచ్చింది. అప్పటినుంచి కీబోర్డు అలవాటు లేని పెద్దవాళ్లు కూడా నోటితో అడిగేస్తున్నారు. అలా అడిగేటప్పుడు ‘మాగాయ తయారీ విధానము’ అని ఎవరూ అనరు. ‘మాగాయ ఎలా పెట్టాలి?’ అంటారు. మీ వివరంలో ఆ నోటి మాట ఉండాలి.

నోటి మాట అన్నాక ప్రాంతం మాట కూడా గుర్తుంచుకోవాలి. ఒకరు సొరకాయ అంటారు, ఇంకొకరు ఆనపకాయ అంటారు. ఒకరు ఊరగాయ అన్నదాన్నే తెలంగాణలో తొక్కు అంటారు. మీరు మీ మాటతోనే రాయండి. అది మీ భాష, దాన్ని మార్చొద్దు. వ్యాసంలో ఎక్కడో ఒకచోట, సహజంగా కుదిరినప్పుడు, అవతలి ప్రాంతంవాళ్లు ఏమంటారో కూడా ఒక వాక్యంలో చెప్పండి. ఆదిలాబాదులో వెతికేవాళ్లకు కూడా మీ గుంటూరు ఇంటి పద్ధతి దొరుకుతుంది. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్లు కూడా బోలెడు మంది. వాళ్ల కోసం ప్రతి మాటనూ రెండు లిపుల్లో రాయనక్కర్లేదు. పేజీ చిరునామాలో ఆ మాట ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే కొంత ఉపయోగపడుతుంది.

చిరునామా అన్నాను కదా. ఇక్కడ తెలుగు బ్లాగులకు ఒక చిక్కు ఉంది. బ్లాగర్‌లో మీరు శీర్షిక తెలుగులో పెడితే, చిరునామా తయారు చేసేటప్పుడు అది తెలుగు అక్షరాల్ని వదిలేస్తుంది. ఇక మిగిలేదేముంది? అందుకని ‘బ్లాగ్ పోస్ట్’ అని పెట్టేస్తుంది. తర్వాతి టపాకు ‘బ్లాగ్ పోస్ట్’ పక్కన ఒక అంకె. ఆ తర్వాతిదానికి ఇంకో అంకె. పదేళ్లుగా తెలుగులో రాస్తున్నవాళ్ల బ్లాగు తెరిచి చూడండి. మాగాయ పేజీ చిరునామా బ్లాగ్ పోస్ట్, తాతగారి జ్ఞాపకాల చిరునామా బ్లాగ్ పోస్ట్, గోదావరి పుష్కరాల చిరునామా కూడా బ్లాగ్ పోస్టే. ఏది ఏదో ఎవరికీ తెలియదు. టపా ప్రచురించే ముందు కుడివైపు పెర్మాలింక్ అని ఉంటుంది. అందులో కస్టమ్ అనేది ఎంచుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘మాగాయ’ అని కొట్టండి. అంతే. ప్రచురించక ముందే చేయాలి సుమా.

వర్డ్‌ప్రెస్‌లో చిక్కు ఇంకో రకం. అది తెలుగు అక్షరాల్ని చిరునామాలో ఉంచుతుంది. గూగుల్‌కు అదేమీ ఇబ్బంది కాదు, చక్కగా చదువుకుంటుంది. కానీ ఆ చిరునామాను కాపీ చేసి ఎవరికైనా పంపి చూడండి. ‘తెలుగు’ అనే ఒక్క మాట శాతం గుర్తులూ అంకెలూ అక్షరాలూ కలిసి 54 గుర్తుల తోరణం అవుతుంది. చూసినవాళ్లు అదేదో వైరస్ అనుకుని నొక్కరు. పైగా శీర్షిక పొడుగైతే ఆ చిరునామా మధ్యలోనే తెగిపోతుంది. నా సలహా అడిగితే చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా పెట్టుకోండి. శీర్షికా వివరమూ నిండుగా తెలుగులో రాయండి.

ఇక ఏం కనిపించాలో చూసుకున్నాక, ఏం కనిపించకూడదో కూడా ఒక మాట. బ్లాగులో మీరు రాసిన టపాలే కాకుండా దానంతటదే పుట్టే పేజీలు చాలా ఉంటాయి. నెలవారీ జాబితాలు, ఒక్కో వర్గానికి ఒక్కో జాబితా. వాటిలో కొత్త సంగతి ఏమీ ఉండదు. వెతికేవాళ్లు నేరుగా మాగాయ టపాకు రావాలి కానీ, ‘మే నెల’ జాబితా దగ్గర దిగితే ఏం లాభం? అలాంటి పేజీలకు నోఇండెక్స్ అనే గుర్తు పెడితే గూగుల్ వాటిని చూపించదు. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లలో దీనికి మీటలుంటాయి.

దీని దగ్గర ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. రోబోట్స్ డాట్ టెక్స్ట్ అని ఒక చిన్న ఫైలుంటుంది. సెర్చ్ ఇంజిన్ల యంత్రాలు సైటులో ఎక్కడెక్కడికి రాకూడదో చెప్పే ఏర్పాటు అది. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించారు, నేటికీ అదే నడుస్తోంది. అందులో ఒక పేజీకి అడ్డు పెడితే గూగుల్ ఆ పేజీని చదవదు. చదవదు కాబట్టి, ఆ పేజీలో మీరు నోఇండెక్స్ పెట్టినా దానికి తెలియదు. వేరే ఎక్కడినుంచో ఎవరైనా ఆ పేజీకి లింకు ఇచ్చి ఉంటే, వివరమేమీ లేకుండా వట్టి చిరునామా ఫలితాల్లో కనిపించవచ్చు కూడా. కనిపించకూడదనుకున్న పేజీని గూగుల్ చదవాలి, చదివి నోఇండెక్స్ చూడాలి. రోబోట్స్ అడ్డూ నోఇండెక్సూ రెండూ ఒకే పేజీకి పెట్టకండి. ఇందులో ఏమాత్రం అనుమానం ఉన్నా బ్లాగర్‌లో ఆ రోబోట్స్ మీటల్ని అసలు ముట్టుకోకండి. బ్లాగర్ ముందే పెట్టి ఇచ్చినవి మామూలు బ్లాగుకు సరిపోతాయి. ఇంకో మాట. నోఇండెక్స్ పెట్టినంత మాత్రాన పేజీ రహస్యమైపోదు. చిరునామా తెలిసిన ఎవరైనా చూడగలరు. ఇంట్లో పిల్లల ఫొటోలు, ఆధార్ కాగితాలు ఇలా దాచొచ్చనుకోకండి.

ఇవన్నీ చేశాక ఫలితం ఎలా తెలుస్తుంది? గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా ఒక సాధనం ఉంది. మీ బ్లాగు మీదేనని ఒకసారి రుజువు చేసుకుంటే చాలు. బ్లాగు ఏ జీమెయిల్‌తో నడుస్తోందో దానితోనే లోపలికి వెళితే బ్లాగర్ వాళ్లకు ఇంకా సులువు. అందులో సైట్‌మ్యాప్ అనే చోట మీ బ్లాగు పటం చిరునామా ఇవ్వండి. బ్లాగర్ ఆ పటాన్ని తానే తయారు చేస్తుంది. వర్డ్‌ప్రెస్ కూడా 2020 నుంచి తానే చేస్తోంది.

కానీ సెర్చ్ కన్సోల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. మీ పేజీ ఏ ఏ మాటలతో వెతికితే కనిపించిందో, కనిపించినప్పుడు ఎంతమంది నొక్కారో అది చూపిస్తుంది. గడిచిన 16 నెలల లెక్క అక్కడ ఉంటుంది. టీచరమ్మ అది తెరిచారనుకోండి. ‘మాగాయ ఎన్ని రోజులు ఎండాలి’, ‘మాగాయ బూజు పడితే ఏం చేయాలి’, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘మాగాయ పచ్చడి’, ఇలా జనం అడిగిన మాటలు వరసగా కనిపిస్తాయి. అవి పాఠకుల గొంతులు. చాలాసార్లు కనిపించి, ఎవరూ నొక్కలేదంటే శీర్షికో వివరమో సరిగా పిలవడం లేదన్నమాట. మార్చి చూడండి. వాళ్లు అడిగిన ప్రశ్నకు మీ వ్యాసంలో జవాబు లేదంటే, తర్వాతి టపాకు వస్తువు దొరికినట్టే. బూజు పడితే ఏం చేయాలో ఆవిడకు తెలుసు. రాయాలని తోచలేదు, అంతే. ఇప్పుడు తోస్తుంది.

ఇదంతా వింటుంటే ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకుంటే పోలా అనిపించవచ్చు. మీ బ్లాగును గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతామని ఫోన్లు చేసేవాళ్లు ఉన్నారు. నమ్మకండి. మొదటి స్థానం ఇప్పిస్తానని హామీ ఇవ్వడం ఎవరివల్లా కాదని గూగులే తన సలహాల్లో రాసింది. ఇంకొందరు కీవర్డ్స్ అనే పెట్టెలో వంద మాటలు నింపమంటారు. వెబ్ ఫలితాల్లో స్థానం ఇవ్వడానికి ఆ కీవర్డ్స్ ట్యాగును వాడటం లేదని గూగుల్ 2009లోనే స్పష్టంగా చెప్పింది. ఆ సమయాన్ని వివరం రాయడానికి వాడుకోండి.

ఫొటోల గురించి రెండు ముక్కలు. ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్ అనే గడి ఉంటుంది. అందులో ఆ ఫొటోలో ఏముందో తెలుగులో రాయండి. ‘చాప మీద ఎండబెట్టిన మాగాయ ముక్కలు’ అని. ఫొటోలు వెతికేవాళ్లకు అది ఉపయోగపడుతుంది. చూపులేనివారికి ఫోను పైకి చదివి వినిపించేది కూడా ఆ వాక్యమే. అది మరీ ముఖ్యం.

చివరగా పాత టపాల సంగతి. ఈ ప్రసంగం విన్నాక ఉత్సాహంతో పాత చిరునామాలన్నీ మార్చేయాలనిపిస్తుంది. ఆగండి. పాత టపాలకు వివరం రాయండి, అవసరమైతే శీర్షిక దిద్దండి. అవి ఎప్పుడు మార్చినా నష్టం లేదు. చిరునామా మాత్రం మార్చకండి. ఎవరో ఎప్పుడో దాన్ని తమ బ్లాగులో పెట్టుకుని ఉంటారు. ఎవరో వాట్సాప్‌లో బంధువులకు పంపి ఉంటారు. చిరునామా మారితే వాళ్లంతా ఖాళీ పేజీ దగ్గరకు వస్తారు. మార్చక తప్పదనుకుంటే, పాతది నొక్కినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా రీడైరెక్ట్ పెట్టండి. బ్లాగర్ సెట్టింగ్స్‌లోనూ కస్టమ్ రీడైరెక్ట్స్ అని ఆ ఏర్పాటు ఉంది.

మొదట మీ టపాల్లో ఎక్కువమంది చదివిన ఒక్కదాన్ని తీసుకోండి. దానికి మాత్రమే వివరం రాయండి. మార్పు ఫలితాల్లో కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. ఆలోగా రెండోది రాయండి.